ఊపిరి లేదని తెలుసుకోవడం

ఫిలాసఫీలో ఎం.ఏ. చేసి ఆసుపత్రిలో ఏం పని చేశారని కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. అడిగేటప్పుడు వాళ్ళ ముఖంలో కొంచెం మర్యాద, కొంచెం జాలి ఉంటాయి. సర్వీసు పొడవునా ఆ రెండూ చూసినదాన్ని కాబట్టి కోపం రాదు. కానీ నోటిమాటగా చెబితే ముందూ వెనకా కలిసిపోతాయి. నాకది గిట్టదు. అందుకే రాస్తున్నాను, అదీ ఒక్క రోజు గురించే. ఆ రోజు తేదీ నా దగ్గర ఉంది, గంటలూ నిమిషాలతో సహా. అది మరొకరి ఇంటి దుఃఖం కాబట్టి ఇక్కడ వేయను. కొన్నేళ్ళ కిందట, మార్కెట్లోకి మామిడికాయ దిగుతున్న రోజులని అనుకోండి, చాలు.

నేను చదివింది సాయంత్రం కాలేజీలో. మా సిలబస్‌లో ఐదు యూనిట్లు. ఏది నిజంగా ఉంది, అసలు ఉండటమంటే ఏమిటి అని అడిగేది తత్త్వమీమాంస. ఉందని నీకెలా తెలుసు అని నిలదీసేది జ్ఞానమీమాంస. తెలిసినదాన్నుంచి ఏది తేలుతుంది, ఏది తేలదు అని చూసేది తర్కం. అయితే ఇప్పుడేం చేయాలి అన్నది నీతిశాస్త్రం. ఐదోది సౌందర్యశాస్త్రం. నాలుగు యూనిట్లకు జవాబు రాస్తే చాలన్నారు, నేను ఐదోదాని జోలికి పోలేదు. పరీక్షకు అక్కర్లేనిది చదివే అలవాటు నాకు అప్పట్లో లేదు.

లెక్చరర్ పోస్టుల కోసం చూసి చూసి, సికింద్రాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో చేరాను. అక్కడినుంచి రోగుల కుటుంబాలతో మాట్లాడే పనికి, చివరికి అవయవదానం చూసే సమన్వయకర్త కుర్చీకి వచ్చాను. మెదడు పూర్తిగా చచ్చిపోయి, యంత్రం వల్ల మాత్రమే ఛాతీ ఆడుతున్న మనిషి కుటుంబం దగ్గర కూర్చోవడం నా పని. ఆ స్థితిని అందరూ బ్రెయిన్ డెడ్ అంటారు. జరిగినది వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి. తర్వాత, అవయవాలు ఇస్తారా అని అడగాలి. వద్దంటే నమస్కారం పెట్టి లేవాలి.

మా ఐసీయూ డాక్టరు నాకంటే చాలా చిన్నవాడు, మంచి హస్తవాసి ఉన్నవాడు, వేళాకోళం మనిషి. "మేడం, మీ శాస్త్రంలో రెండు వేల ఏళ్ళ నుంచి అవే కేసులు. ఒక్కటైనా డిశ్చార్జ్ అయిందా?" అనేవాడు.

"మీ దగ్గర డిశ్చార్జ్ అయినవాళ్ళు మళ్ళీ రావట్లేదా డాక్టర్?" అనేదాన్ని.

ఆ రోజు మా ముందున్న మనిషి బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటా వ్యాపారి. నలభై దాటాయి. పొద్దున్నే వేలంపాట మధ్యలో తలపట్టుకుని కూలిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. మూడు రోజులు చేయగలిగినదంతా చేశారు. నాలుగో రోజు ఉదయం మొదటి విడత పరీక్షలు జరిగాయి. ఇవి రెండు విడతలు. మధ్యలో కనీసం ఆరు గంటలు ఆగాలి, నలుగురు డాక్టర్లు సంతకాలు చేయాలి. రెండోదీ అయ్యేదాకా మరణం అని ఎవరూ రాయరు.

కుటుంబం తరఫున ఇద్దరున్నారు. భార్య, ఆయన అన్న. మార్కెట్లో దుకాణం లెక్కలు చూసేది భార్యే. మూడు రోజులుగా నిద్ర లేకపోయినా ఆమె కళ్ళు సూటిగా చూసేవి. అన్న ఊరికే లేచి నిలబడేవాడు, కూర్చునేవాడు.

మా డాక్టరు అలిసిపోయి ఉన్నాడు. అంతకుముందు రాత్రంతా మరో మంచం దగ్గర ఉన్నాడు. వాళ్ళకు చెప్పేటప్పుడు తొందరపడ్డాడు. "అమ్మా, మీవారు ఇక లేరు. మధ్యాహ్నం ఇంకో పరీక్ష చేస్తాం. అది ఫార్మాలిటీ" అన్నాడు. ఫార్మాలిటీ అన్న మాట వినగానే నేను ముఖం చిట్లించాను. కానీ అక్కడికక్కడ దిద్దితే కుటుంబం ముందు డాక్టరు పలచనవుతాడు. బయటికి వచ్చాక చెప్దామనుకున్నాను.

అంత సమయం దొరకలేదు. ఐసీయూలో పడుకున్నవాళ్ళకు వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారు. ఆ పని చేసే నర్సు పాతికేళ్ళ అమ్మాయి, కాప్రా నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆ అమ్మాయికి ఒక అలవాటుంది, మంచి నర్సులందరికీ ఉన్నదే. స్పృహలో ఉన్నా లేకున్నా రోగికి చెప్పకుండా చెయ్యి వేయదు. మేం నలుగురం మంచం కాళ్ళవైపు నిలబడి ఉండగా ఆమె వచ్చి, ఆయన భుజం కింద చెయ్యి పెట్టి, "అన్నా, జెర ఎడమపక్కకు తిప్పుతున్న. భయపడకు" అన్నది.

భార్య తల తిప్పింది.

"ఎవ్వలతోని మాట్లాడుతున్నవ్ నువ్వు?"

నర్సు చేతులు అలాగే ఆగిపోయాయి.

"నిన్నే అమ్మా. డాక్టర్ సారేమో మనిషి లేడంటుండు. నువ్వేమో భయపడకు అన్నా అంటున్నవ్. లేనోనికి భయమేంది? ఉన్నడా, లేడా? మీ ఇద్దర్ల అబద్ధం ఎవ్వలది?"

డాక్టరు ముందుకు వచ్చాడు. "అమ్మా, రిపోర్టులు చూపిస్తాను. కళ్ళల్లో లైటు వేస్తే కంటిపాప కదలట్లేదు, గొంతులో..."

"సార్, ఎట్ల తెలిసిందని నేను అడగలే. ఏమైందని అడుగుతున్న. గుండె కొట్టుకుంటుంది. ఒళ్ళు కాలుతుంది. గిదేం సావు?"

అన్న గొంతు లేచింది. "ఏందీ సార్ గిదంత? మా తమ్ముణ్ణి కొయ్యనీకి తొందర వడుతున్నరా? వద్దు, రెండో పరీక్ష లేదు ఏం లేదు. వేరే దవాఖానకు తీస్కవోతం. అంబులెన్స్ పిలువుండ్రి."

డాక్టరు చేతిలోని ఫైలు తెరిచాడు. "చట్టప్రకారమే చేస్తున్నామండీ" అన్నాడు.

"చట్టం నాకెందుకయ్యా! చెయ్యొచ్చా, చెయ్యొద్దా అది చెప్పు!"

ఆ క్షణంలో నాకు కలిగినది చెబుతాను. నవ్వకండి. కాలేజీలో వేర్వేరు వారాల్లో, వేర్వేరు గంటల్లో చదివిన యూనిట్లు ఒకే మంచం చుట్టూ నిలబడి మాట్లాడుకుంటున్నాయి. చావంటే ఏమిటని ఆమె అడుగుతోంది. చావు ఎలా తెలిసిందో డాక్టరు చెబుతున్నాడు. చేయవచ్చా అని అన్న అడుగుతున్నాడు. చట్టం ఒప్పుకుంటుందని డాక్టరు జవాబిస్తున్నాడు. ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరి ప్రశ్నకూ జవాబు మాత్రం రాలేదు. మన స్టేషన్లో పార్శిల్ కౌంటర్ ముందు నిలబడి రిజర్వేషన్ అడిగినట్టుంది. మన యంత్రాలు ఇంత పెద్దవి కాకముందు ఈ ప్రశ్నలు పుస్తకాల్లో ఉండగలిగేవి. ఇప్పుడు చెప్పులు బయట విడిచి ఐసీయూలోకి వస్తున్నాయి.

నేను ఆయన భార్యను పక్క గదికి తీసుకెళ్ళాను. అన్న వెంటే వచ్చాడు. ముందు మంచినీళ్ళు ఇచ్చాను. "మీరడిగినదానికి నేను చెబుతాను. వేరే ఆసుపత్రికి వెళ్తామన్నా ఆపను. దారిలో గుండె ఆగిపోవచ్చు, ఆ మాట కూడా దాచను. వినండి, తర్వాత మీ ఇష్టం."

"చెప్పండి మేడం."

"ఊపిరి తీయమని చెప్పేది మెదడు అడుగుభాగం. గుండెకు అలా చెప్పనక్కర్లేదు, గాలి అందితే కొన్నాళ్ళు అదే కొట్టుకుంటుంది. మీవారికి గాలి యంత్రం ఇస్తోంది. అందుకే గుండె, అందుకే వేడి. కానీ మిమ్మల్ని గుర్తుపట్టేది, నొప్పి తెలిసేది, సొంతంగా ఒక్క ఊపిరి తీసేది, ఆ చోటు పోయిందని డాక్టర్లు అనుకుంటున్నారు. పోయిన చోటు తిరిగి రాదు. అందుకే దాన్ని చావంటారు."

"అనుకుంటున్నరా, తెలుసా?"

"ఇప్పటికి అనుకుంటున్నారు. మధ్యాహ్నం పరీక్ష ఫార్మాలిటీ కాదు. డాక్టరు అలా అనకుండా ఉండాల్సింది. అందులో ఒక్క ఊపిరి తీసినా, మేం చెప్పినదంతా తప్పు. ఆయన బతికున్నట్టే."

ఆమె తన చేతులు చూసుకుంది. "మేడం, ఒక్కటే మాట. ఆయన ఉండంగ నేను ఏ కాయితం మీదనన్న సంతకం వెడితే, నా చేతుల్తోని నేనే సంపినట్టు. గా పాపం నేను మొయ్యలేను. నాకు తెల్వాలె. మీకు తెలుసుడు గాదు, నాకు తెల్వాలె. నేను సూస్త."

అన్న ఉలిక్కిపడ్డాడు. "నువ్వేం సూస్తవమ్మా, తట్టుకుంటవా?"

"నువ్వు బయట కూసో బావా. నేను సూస్త."

ఆ పరీక్షకు కుటుంబాన్ని లోపలికి రానిచ్చే అలవాటు మా దగ్గర అప్పటికి లేదు. డాక్టరుతో వాదించాను. "మేడం, ఆవిడ మధ్యలో అరిస్తే? మెదడుతో పని లేకుండా వెన్నుపాము వల్లనే వేలు కదిలితే, అదే ప్రాణమనుకుంటే?" అన్నాడు. న్యాయమైన భయమే. ముందే చెబుదామన్నాను. ముక్కు రుద్దుకుని, "మీ ఐదు యూనిట్లలో ఇది ఎన్నోది?" అని అడిగాడు.

"రెండోది. ఎలా తెలుస్తుంది అన్నది."

"సరే. ఫెయిలైతే నాకు చెప్పొద్దు" అన్నాడు. వెళ్ళి, ఫార్మాలిటీ అన్నందుకు ఆమెకు తనే క్షమాపణ చెప్పాడు. ఆ మాటకే అతనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మధ్యాహ్నం మేం మంచం చుట్టూ నిలబడ్డాం. కిటికీలోంచి ఎండ మంచం మీద సగందాకా పడింది. ముందు ఒంటినిండా ప్రాణవాయువు పట్టించారు. తర్వాత వెంటిలేటర్ గొట్టం విడదీసి, సన్నని గొట్టంతో ఆక్సిజన్ మాత్రం లోపలికి వదిలారు. యంత్రం తోయడం ఆగింది. ఊపిరి బయటికి పోకపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మెదడు అడుగుభాగంలో ఏ కాస్త ప్రాణమున్నా ఆ ఒత్తిడికి ఛాతీని ఎగరేసి తీరుతుంది. మనం నీళ్ళలో ఊపిరి బిగబట్టి ఇక ఉండలేక పైకి లేచినట్టు. అలా లేస్తుందేమోనని చూడాలి. అంతే పరీక్ష.

దుప్పటి తీసేశారు. ఛాతీ కదలడం లేదు.

మా సిలబస్ రెండో యూనిట్ చివర్లో ఒక చిన్న భాగముండేది, అనుపలబ్ధి అని. కళ్ళతో చూసి తెలుసుకుంటాం, ఊహించి తెలుసుకుంటాం, ఎవరో చెబితే తెలుసుకుంటాం. మరి లేనిదాన్ని ఎలా తెలుసుకుంటాం? నేలమీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? లేని కుండను కన్ను చూడలేదు కదా. ఉంటే కనిపించవలసిన చోట, వెలుతురు ఉండగా, శ్రద్ధగా చూసినా కనిపించకపోవడమే ఒక తెలివిడి అన్నారు మన పాతవాళ్ళు. నాలుగు మార్కుల ప్రశ్న. వాళ్ళకు వేరే పని లేక కుండల గురించి కొట్టుకున్నారని క్లాసులో నవ్వుకున్నాం.

ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఉన్నవాళ్ళం అందరం ఒక లేమిని చూస్తున్నాం. ఉంటే కనిపించవలసిన చోట. వెలుతురులో. అంత శ్రద్ధగా నేను జీవితంలో దేన్నీ చూడలేదు, ఉన్నవాటిని కూడా. నర్సు చూస్తోంది. డాక్టరు ముక్కు దగ్గరికి వంగి చూస్తున్నాడు. భార్య తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. ఆయనతోపాటు తనూ ఆగాలన్నట్టు. ఆగలేక గుక్క తీసుకుంది. మళ్ళీ బిగబట్టింది, మళ్ళీ తీసుకుంది. మూడోసారి గుక్క తీసుకున్నప్పుడు ఆమె తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు ఆమె ముఖం మారింది. ఆమెకు తెలిసిపోయింది.

రక్తం నమూనా లాబ్‌కు వెళ్ళింది. గొట్టం తిరిగి తగిలించారు. ఛాతీ ఎప్పటిలాగే పైకి లేచింది, దిగింది. పొద్దున చూసిన కదలికే. వెంట్రుకవాసి తేడా లేదు. నేను ఆ మంచం దగ్గరే నిలబడిపోయాను. వస్తువు అదే, కదలిక అదే, కానీ అక్కడ ఉన్నది మరొకటి. మొదటి యూనిట్ మొత్తం ఆ మంచం మీద పడుకుని ఉంది.

"గిది మిషిన్‌ది" అన్నది ఆమె నెమ్మదిగా. "ఆయనది గాదు."

అప్పుడు ఏడ్చింది. మేమెవరమూ ఆపలేదు.

నలుగురు డాక్టర్ల సంతకాలు అయ్యాక, సాయంత్రం అదే గదిలో కూర్చున్నాం. అవయవాల మాట ఎత్తాను. వద్దన్నా మా వైపునుంచి ఏ లోటూ రాదని ముందే చెప్పాను. మా డాక్టరు, పాపం, మంచి మనసుతోనే, "ఆయన గుండె ఇంకొకరిలో కొట్టుకుంటుందమ్మా. ఆయన బతికే ఉంటారు" అన్నాడు.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. నాకూ ముడిపడ్డాయి. గుండె కొట్టుకుంటున్నా మనిషి లేడని పొద్దుటినుంచి చెప్పాం. గుండె కొట్టుకుంటుంది కాబట్టి మనిషి ఉంటాడని సాయంత్రం చెప్పకూడదు. ఆ వాక్యం అన్ని ఆసుపత్రుల గోడలమీదా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఈ మనిషికి మేం బాకీ పడ్డది ఓదార్పు కాదు, పొంతన.

"ఆయన బతకరమ్మా" అన్నాను. "వేరేవాళ్ళు బతుకుతారు. ఆ రెండూ ఒకటి కావు."

డాక్టరు నావైపు భయంగా చూశాడు. ఆమె మాత్రం నిటారుగా కూర్చుంది. "గట్ల చెప్పు అక్కా. గట్ల చెప్తే సమజైతది." పొద్దున్నుంచి మేడంనైన నేను అక్కడ అక్కనయ్యాను.

అన్న ఇంకా తేల్చుకోలేదు. అతని ప్రశ్న అతనిది. "సచ్చిపోయిండు, ఒప్పుకున్న. గాని ఒళ్ళు ఆనిది. ఆణ్ణి అడగకుంట ఎట్ల ఇస్తం? రేపు నా ఇంట్ల సామాను సుత అడగకుంట ఇచ్చేస్తరా?"

చక్కటి ప్రశ్న. దానిమీద పెద్ద పెద్ద గ్రంథాలు ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే ఆమె మాట్లాడింది.

"బావా, ఆయన బండిమీద పొయ్యేటప్పుడు తొవ్వల ఎవ్వలన్న చెయ్యెత్తితే ఏం చేసేటోడు?"

"ఆపేటోడు."

"ఎక్కడికి, ఎవ్వలు, ఎందుకు అని అడిగేటోడా?"

"యాడ అడిగిండు! పోయిన నెల పద్మారావు నగర్ దాంక ఎవన్నో దింపొచ్చి, బండి నిండ లోడు వెట్టుకొని నన్ను గంటసేపు ఎండల నిలవెట్టిండు." చెబుతూ చెబుతూ అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే విరిగింది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు చాటునుంచే, "ఇయ్యి అమ్మా. ఇయ్యి" అన్నాడు.

ఆమె సంతకం చేసింది. 

నేను గది బయటికి వచ్చేసరికి నర్సు మెట్ల దగ్గర గోడకు ఆనుకుని ఉంది. పొద్దున జరిగినది హెడ్ నర్సుదాకా వెళ్ళింది. ఇలాంటి కేసుల్లో మంచం దగ్గర మాట్లాడవద్దని అందరికీ ఆదేశం వచ్చింది. కుటుంబాలు అయోమయపడతాయని కారణం. కారణం సరైనదే.

"అలవాటైపోయింది మేడం" అన్నది ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. "లేడని నాకు సుత తెలుసు. గాని చెప్పకుంట ఒక మనిషిని ఎట్ల ముట్టుకుంటం? తప్పు గాదా?"

నా నాలుగో యూనిట్‌లో, ఆ నీతిశాస్త్రంలో, దీనికి ఒక జవాబుండాలి.  భుజం తట్టి, నా బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను.

తెల్లవారి నేను వెళ్ళేసరికి శస్త్రచికిత్సలన్నీ అయిపోయాయి. దేహాన్ని ఇంటికి పంపేముందు సిద్ధం చేసే గదిలో ఉంచారు. కుట్లు చూశాను. ఎవరికీ కనిపించని చోట, ఇక మానవలసిన అవసరం లేని గాయానికి, ఆ సర్జన్ ఎవరో పెళ్ళిచీర అంచు కుట్టినంత ఓపికగా, ఎడం తప్పకుండా కుట్టాడు. ఎందుకు? వైద్యానికి అక్కర్లేదు, చట్టం అడగదు. నేను వదిలేసిన ఐదో యూనిట్ పేరు అప్పుడు గుర్తుకొచ్చింది. అందం అంటే పూలూ, బొమ్మలూ అనుకుని దాటేశాను. ఒక మనిషిని ఎలా సాగనంపాలో తెలిసి ఉండటం కూడా అందులోదేనని ఎవరూ నాకు చెప్పలేదు, లేదా ఆ రోజు నేను క్లాసుకు వెళ్ళలేదు.

భార్య ఇంటినుంచి ఉతికిన తెల్లచొక్కా తెచ్చింది. దువ్వెనతో ఆయన మీసం తనే దువ్వింది. డ్యూటీ ముగిసినా ఆ నర్సు ఇంటికి పోలేదు. ఒళ్ళు తుడిచింది, పౌడర్ రాసింది, చొక్కా విప్పి పట్టుకుంది. పెదవులు బిగించుకుని, తల వంచుకుని, ఒక్క మాట లేకుండా చేస్తోంది. అన్న తమ్ముణ్ణి భుజాలు పట్టి కొద్దిగా లేపాడు. నర్సు ఆయన కుడిచెయ్యి అందుకుంది.

"ఏమైందమ్మా?" అన్నది భార్య. "నిన్న మస్తు మాట్లాడినవ్."

నర్సు నావైపు చూసింది. నేను ఆదేశం గురించి ఏమీ అనలేదు.

"చొక్కా తొడుగుతున్నవ్ గదా" అన్నది ఆమె. "చెప్పి తొడుగు."

ఆ అమ్మాయి ఆయన ముఖంవైపు వంగింది.  

"అన్నా, చెయ్యి జెర ఇటు తెస్తున్న. భయపడకు."

చెయ్యి చొక్కాలోకి వెళ్ళింది. భార్య పైగుండీ పెట్టింది. ఆ మాట ఎవరితో అన్నదని ఆ గదిలో ఎవరమూ అడగలేదు.